అక్షరాలు లేని పుస్తకానికి నేను రాసిన నీతి

నా చేతిరాత బాగుంటుంది. ఈ మాట నేనే చెప్పుకోకూడదు గానీ, చెప్పేవాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే జన్మ గడిచిపోయేలా ఉంది. నిజామాబాదులో మా గల్లీలో ఎవరింట్లో పెళ్లయినా శుభలేఖల కవర్ల మీద పేర్లు రాయడానికి నాకే పిలుపు వస్తుంది. పెళ్లి భోజనానికి పిలవడం మరిచిపోతారేమో గానీ దీనికి మాత్రం మరిచిపోరు. అక్షరం గుండ్రంగా వచ్చిందా, తలకట్టు సరిగ్గా నెత్తిన కూర్చుందా అన్నదే నా ధ్యాసంతా. ఏం రాస్తున్నానన్నది ఏనాడూ పట్టించుకోలేదు. ఆ అలవాటు వల్ల ఒక కొంప మునగబోయింది. నాది కాదు లెండి, మా బడిలో వంట చేసే అవ్వది.

బోధన్ దాటి కోటగిరి వైపు పోయే దారిలో ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల మాది. పొద్దున్నే నిజామాబాదులో బస్సెక్కి, బోధన్‌లో దిగి, అక్కడ షేర్ ఆటోలో తొమ్మిదో మనిషిగా ఇరుక్కుని బడికి చేరతాను. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయినా చెరకు వేయడం మానని మొండి రైతులు ఇంకా కొందరున్నారు. వాళ్ల చెరకు ట్రాక్టరు మా ఆటోకు ముందు పడిందంటే ఆ రోజు ప్రార్థన నాకు లేనట్టే. బడికి ఇద్దరమే పంతుళ్లం. హెడ్మాస్టరును ఊళ్లో పెద్దసారు అంటారు, నన్ను చిన్నసారు అంటారు. తల నెరిసి మోకాళ్ల నొప్పులొచ్చినా నేను చిన్నసారునే.

ఒక రోజు మండలం ఆఫీసు నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. పెద్దసారు తాళంచెవితో టేపు కోసి, పైనున్న పుస్తకం తీసి, పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పారు. రెండోది తీశారు. మూడోది తీశారు. ఆయన మొహం మాడిపోయింది.

"ఏంది సార్ గిది? అచ్చు పడనే లేదు!"

"బొమ్మలున్నయి గద సార్," అన్నాను.

"బొమ్మలు పడ్డయి, అక్షరాలు పడలే. మిషన్ల సిరా ఒడిసిపోయినట్టుంది. జర సూసుకోని పంపొద్దా? పూరా గలత్ పని."

పెట్టె అడుగున ఒక కాగితం దొరికింది. ఇవి మాటలు లేని బొమ్మల పుస్తకాలట. పిల్లల్లో నైతిక ధైర్యం పెంచడానికట. బొమ్మలు చూసి కథ పిల్లలే చెప్పాలి, ఉపాధ్యాయులు మధ్యలో కల్పించుకోకూడదు అని ఉంది. చదివి ముచ్చటపడ్డాను. నన్ను ఏమీ చేయొద్దని చెప్పిన సర్క్యులర్ నా ఉద్యోగంలో అదే మొదటిది. కానీ దాని వెనకే ఇంకో కాగితం పిన్ను చేసి ఉంది. ఈ పుస్తకాల్లోంచి ప్రతి విద్యార్థీ నిమిషానికి ఎన్ని మాటలు చదివాడో గడులు నింపి పంపాలని అందులో ఉంది.

పెద్దసారు రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. ఆయనకు దేవుడంటే అంత భయం లేదు గానీ మెమో అంటే మహా భయం.

"మాటలే లేకపాయె. ఎన్ని సదివిన్రని రాయాలె? సున్న రాస్తే ఒక మెమో వస్తది. యాభై రాస్తే, లేని మాటలు ఎట్ల సదివిన్రయ్యా అని ఇంకో మెమో వస్తది."

"మరెట్ల సార్?"

"ఎట్ల ఏంది! మీ చెయ్యి ఉన్నది గద. మీరే రాయున్రి మాటలు."

అదిగో, అక్కడ పడిపోయాను. నా చేతిరాతను మెచ్చుకుని ఎవరేం రాయమన్నా రాసిచ్చే మనిషిని నేను. అదృష్టం బాగుండి ఇంతవరకు ఎవరూ ఆస్తి రాసివ్వమనలేదు.

ఆ పుస్తకంలో కథ ఇది. సంతలో ఒకావిడ కుండలు అమ్ముతూ ఉంటుంది. గుర్రం మీద ఒక మీసాలాయన వస్తాడు. గుర్రం కాలు తగిలి కుండలన్నీ పగిలిపోతాయి. మీసాలాయన కిందికి దిగి, పక్కనే మేకను పట్టుకుని నిలబడ్డ ముసలామె వైపు వేలు చూపిస్తాడు. తప్పు మేకదట, మేకను పట్టుకుపోతాడట. సంతలో అందరూ చూశారు. కానీ ఒకడు ఆకాశం చూస్తుంటాడు, ఒకామె మిరపకాయలు ఏరుకుంటూ ఉంటుంది, ఒకడు మనకు వీపు పెట్టి వంగి చెప్పు కట్టుకుంటూ ఉంటాడు. చివరి బొమ్మలో ఎర్ర గౌను పిల్ల ఒక్కతే చెయ్యెత్తి గుర్రం వైపు చూపిస్తుంది. ఆ తరువాత ఏమైందో లేదు, అట్ట వచ్చేస్తుంది.

రోజూ బడి విడిచాక కూర్చుని ముప్పై పుస్తకాల్లోనూ చెరగని నల్ల సిరాతో రాశాను. "అనగనగా ఒక ఊరిలో ఒక పెద్దమనిషి ఉండెను. ఆయన గుర్రమెక్కి సంతకు వెళ్లెను." అలా సాగింది నా రచన. పేజీకి ఇరవై మాటలైనా ఉండాలని పెద్దసారు పట్టు. నా వెనకే నిలబడి లెక్కపెట్టుకునేవారు. చివరి బొమ్మ దగ్గర నా పెన్ను ఆగింది.

"గీడ నీతి రాయాలె సార్. నీతి లేని కథ ఉంటదా?" అన్నారాయన.

"ఏం రాయమంటరు?"

ఆయన ఎర్ర గౌను పిల్లను కాసేపు చూశారు. ఆ పిల్ల ఆయనకు నచ్చలేదని మొహంలోనే తెలిసిపోయింది.

"పెద్దలు మాట్లాడుచుండగా పిల్లలు మధ్యలో మాట్లాడరాదు. రాయున్రి."

బొమ్మ చెప్పేదానికి ఆ మాట అడ్డంగా ఉందని నాకు తెలియదా? తెలుసు. చెప్పానా? చెప్పలేదు. రాశాను. అడగకపోయినా కింద చిన్న పువ్వు కూడా గీశాను. ధైర్యం నేర్పే పుస్తకంలో ఆ వాక్యాన్ని ముప్పై సార్లు రాస్తే ఒక్కసారి కూడా చెయ్యి వణకలేదు.

తీరా పిల్లలకు పంచితే ఏం చేశారనుకున్నారు? అరచేత్తో నా రాతను మూసేసి బొమ్మలు చూశారు. అంత కష్టపడి రాసింది ఒక్కరూ చదవలేదు. వాళ్ల చదువే వేరు. ముందు బొమ్మలోని మనుషుల్లో ఊళ్లో మనుషుల్ని కుదర్చాలి. "గీ మిరపకాయలామె మా చిన్నమ్మ," అని ఒకడు. "గీ మేక మాదే, కొమ్ము ఇరిగింది సూడు," అని ఇంకొకడు. మేక పట్టుకున్న ముసలామె ఎవరన్నదాని మీద మాత్రం తగాదా లేదు. మా వంట అవ్వే. అదే బక్క ఒళ్లు, అదే నడుం మీద చెయ్యి. ఎవరిని ఎక్కడ పెట్టాలన్న ఆఖరి తీర్పు నాలుగో తరగతి పిల్ల ఒకతి చెప్పేది. బీడీలు చుట్టే తల్లికి కూతురు. మాట తక్కువ, చూపు ఎక్కువ. పేజీకి ముక్కు ఆనించి చూసి "గీమె కాదు" అనేసిందంటే ఇక అప్పీలు లేదు.

చివరి బొమ్మ తరువాత ఏమైందన్న దాని మీద మాత్రం రోజూ పంచాయితీ. మీసాలాయన ఆ పిల్లను కొట్టాడని ఒకడు, ఇంటికి పోయాక తల్లే నాలుగు తగిలించిందని ఒకడు. నాలుగో తరగతి పిల్ల ఒకటే చెప్పేది.

"ఏమన్న గానీ. ముసలామెకు మేక మిగుల్తది గద."

నన్ను ఏ బొమ్మలో పెట్టారో తెలుసుకోవాలని నాకు మహా కుతూహలం. పాఠం చెప్పే పంతుల్ని కదా, ఎక్కడో మంచి చోటే ఉంటానని ధీమా. అడిగితే బాగుండదని ఊరుకున్నాను.

ఈ చదువు ఎలా సాగుతోందో చూడడానికి మండలం నుంచి ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన వచ్చే రోజు పిల్లలకు గుడ్డు పెట్టే రోజు. పెద్దసారు పొద్దున్నే వంటగదిలోకి వెళ్లారు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

"అవ్వా, ఇయ్యాల గుడ్లు పిల్లలకు పెట్టకు. గుడ్ల పులుసు చెయ్యి, జర గట్టిగ. పెద్దమనిషి వస్తున్నడు."

"అన్ని గుడ్లా సారూ? పోరగాండ్లు అడుగుతరు గద."

"పప్పు పెట్టు. ఆయన వెంట మనుషులుంటరు, డ్రైవరుంటడు, మేముంటం."

ఆఫీసరు వచ్చి, ఫోన్లో నిమిషం పెట్టి, ఆ నాలుగో తరగతి పిల్లనే చదవమన్నాడు. ఆ పిల్ల అరచేత్తో అక్షరాలు మూసి బొమ్మ చూస్తూ కూర్చుంది. నిమిషం అయిపోయింది.

"ఏం పాపా, సదువొస్తలేదా?"

"గిది సదివేది కాదు సార్. సూసేది."

ఆయన "సున్న" అని రాసుకున్నాడు. తరువాత పుస్తకం తిరగేసి, "అచ్చు మస్తుగుంది, ఏ ప్రెస్సుల ఏసిన్రో," అన్నాడు. నేను ఆ రోజంతా నేల మీద నడవలేదు.

మధ్యాహ్నం పెద్దసారు గదిలో తలుపు దగ్గరగా వేసుకుని భోజనాలు చేశాం. అవ్వే వడ్డించింది. నేనూ రెండు గుడ్లు తిన్నాను. అబద్ధమెందుకు, పులుసు అద్భుతంగా ఉంది. మిగిలింది టిఫిన్ డబ్బాలో పడి ఆఫీసరు జీపెక్కింది. మధ్యలో ఆ నాలుగో తరగతి పిల్ల నీళ్ల చెంబు తెచ్చి బల్ల మీద పెట్టి, మా పళ్లేల వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది. బయట వరండాలో పిల్లలు పప్పన్నం ముందు పెట్టుకుని, గుడ్ల గిన్నె ఎప్పుడొస్తుందా అని వంటగది వైపు మెడలు సాచి చూస్తున్నారు.

వారం తిరగకముందే తల్లుల మీటింగు వచ్చింది. ఆ ఊళ్లో తల్లుల మీటింగు చూసి తీరాలి. అందరూ బీడీల చాటలు ఒళ్లో పెట్టుకునే కూర్చుంటారు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టడం ఒక్క క్షణం ఆగదు. తల ఎత్తితే చేయి వెనకబడుతుంది కాబట్టి ఎవరూ తల ఎత్తరు. పెద్దసారుకు ఆ పద్ధతి బాగా నచ్చుతుంది. ఆ రోజు మాత్రం ఒక తల్లి తల ఎత్తకుండానే అడిగేసింది.

"సారూ, మొన్న పోరగాండ్లకు గుడ్డెందుకు పెట్టలే?"

పెద్దసారు గొంతు సవరించుకున్నారు. "గుడ్లు వచ్చినయి. నేను వంటకిచ్చిన. వండేది అవ్వ. ఏడికి పోయినయో ఆమెనే అడగాలె."

ఎంత ఒడుపో చూడండి. ఆ నాలుగు మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు.

అవ్వ వంటగది గుమ్మంలో గరిటెతో నిలబడి ఉంది. ఆమెకు పెనిమిటి లేడు. చూపు మందగించి బీడీలు చుట్టడం ఎప్పుడో పోయింది. ఈ బడి వంట పోతే ఇంట్లో పొయ్యి ఆరిపోతుందని ఊరందరికీ తెలుసు.

"నేను ఒక్కటి గూడ ముట్టలే సారూ," అంది. పెద్దసారు కిటికీ వైపు తిరిగారు. అవ్వ నా వైపు తిరిగింది. "చిన్నసారుకు ఎరుకే. ఆయనను అడుగున్రి."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి మూతి మీదికి పోయింది. ఆ తరువాత నేను చేసిన పని చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. వంగి చెప్పు సర్దుకున్నాను. పట్టీ బాగానే ఉంది. అయినా విప్పి మళ్లీ పెట్టుకున్నాను.

"ఆ రోజు నేను రిజిస్టరు రాస్తున్న... సరిగ్గ సూడలే," అని నేలతో చెప్పాను.

"అవ్వ తినలే."

వరండాలో పుస్తకం పట్టుకుని కూర్చున్న నాలుగో తరగతి పిల్ల లేచి నిలబడింది. చెయ్యెత్తి పెద్దసారు గది వైపు చూపించింది.

"గుడ్లు గా రూముల తిన్నరు. నీళ్లు నేనే ఇచ్చిన."

చాటల్లో చేతులు ఆగిపోయాయి. బీడీలు చుట్టే చేతులు అన్నీ ఒక్కసారి ఆగడం ఆ ఊళ్లో నేను అంతకుముందు చూడలేదు.

పెద్దసారు కోపం తెచ్చుకోలేదు. ఆయన కోపం తెచ్చుకోకపోతేనే భయపడాలి. నవ్వుతూ వెళ్లి, ఆ పిల్ల చేతిలో పుస్తకం చివరి పేజీ తెరిచారు.

"గిది సదువు బిడ్డా. అందరికి ఇనబడాలె. చిన్నసారు ఎంత మంచిగ రాసిండో సూడు."

ఆ పిల్లకు చదువు రాకపోవడమేం లేదు. వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. "పెద్దలు మాట్లాడుచుండగా పిల్లలు మధ్యలో మాట్లాడరాదు." ఎక్కడా తడబడలేదు. చదివి, తల ఎత్తి నన్ను చూసింది.

"గిది మీరు రాసిన్రా సార్?"

"అవును బిడ్డా," అన్నాను. కాదంటే నమ్మేదెవరు, కింద పువ్వు కూడా ఉందాయె. తల్లి ఆ పిల్ల గౌను పట్టి లాగి కూర్చోబెట్టింది. "పుస్తకంలనే రాసున్నది గద, నోరు మూసుకో," అంది. చేతులు మళ్లీ చాటల్లోకి పోయాయి.

వచ్చే వారం మళ్లీ కూర్చుని, అవ్వను తీసేసి కొత్త మనిషిని పెట్టుకునే తీర్మానం మీద సంతకాలు చేద్దామని పెద్దసారు మీటింగు ముగించారు. పోతూ పోతూ నా భుజం తట్టారు.

"తీర్మానం మీరే రాయున్రి సార్. మీ చెయ్యి ఉన్నది గద."

మర్నాడు క్లాసులో పిల్లలు ఆ పుస్తకాలే ముందేసుకుని ఉన్నారు. నేను వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఊరోళ్లందరిని పెట్టిన్రు గద. నన్ను ఏడ పెట్టిన్రు?"

ఆ పిల్ల కాస్త తటపటాయించింది. సంత బొమ్మ తీసి, మనకు వీపు పెట్టి వంగి చెప్పు కట్టుకుంటున్న మనిషి మీద వేలు పెట్టింది. నా మొహం వేడెక్కింది.

"నిన్నటి సంది పెట్టిన్రా?"

"కాదు సార్. మొదటి సంది గక్కడ్నే ఉన్నరు."

"గాయిన మొహమే కనబడదు. నేనని ఎట్ల తెలిసింది?"

"మీరు ఎప్పుడు వంగి రాస్తనే ఉంటరు గద సార్."

"ఎప్పుడు లేస్తడు గాయిన?" అన్నాను, నవ్వులాటకు తీసుకున్నట్టు.

"లేవడు సార్. పుస్తకం ఒడుస్తది గని గాయిన లేవడు."

ఎగతాళి లేదు, కోపం లేదు. బొమ్మలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. పిల్లల ముందు ఏడవలేక, చాక్‌పీసు పొడి కంట్లో పడిందని చెప్పి బయటికి వెళ్లిపోయాను.

ఇంటి దగ్గర తెల్లకాగితం ముందేసుకుని కూర్చుంటే మా ఆవిడ అడిగింది, "ఎవరి పెండ్లి?" అని. పెళ్లి కాదు, గుడ్లు మాయమైనందుకు అవ్వను తీసేసే తీర్మానమని చెప్పాను. గుడ్లు ఎవరు తిన్నారని అడిగింది. నేను వంగి కాగితం సర్దుకున్నాను.

"గుడ్ల పులుసంటే మీకు పానం గద," అని లోపలికి వెళ్లిపోయింది. ఇక ఆమె అనాల్సింది ఏమీ మిగల్లేదు.

పెద్దసారు చెప్పినట్టే మొదలుపెట్టాను. "వంట మనిషి నిర్లక్ష్యము వలన" అన్న దాకా వచ్చి, ఆ "క్ష" ఎంత అందంగా వచ్చిందో అని మురిసిపోబోయి, నా మీద నాకే అసహ్యం వేసి చింపేశాను. దాంతో ధైర్యం పొంగుకొచ్చిందనుకోకండి. ఇంకో రెండు కాగితాలు చింపాను. మీటింగు రోజుకు సెలవు పెడితే ఎలా ఉంటుందా అని కూడా ఆలోచించాను. సెలవు చీటీ కూడా రాశాను, అది కూడా చక్కగానే వచ్చింది. చివరికి దాన్నీ చింపేశాను.

మీటింగు రోజు తల్లులు చాటలతో వచ్చారు. అవ్వ వంటగది గుమ్మంలోనే నిలబడింది, ఈసారి చేతిలో గరిటె లేదు. "సదువున్రి సార్," అన్నారు పెద్దసారు. నిలబడి చదివాను.

"పిల్లలకు పెట్టవలసిన గుడ్లను పెద్దసారు చెప్పగా అవ్వ పులుసు చేసినది. ఆ పులుసును పెద్దసారు గదిలో ఆఫీసరును, ఆయన మనుషులును, పెద్దసారును తినిరి. చిన్నసారు రెండు గుడ్లు తినెను. మిగిలినది జీపులో పోయినది. అవ్వ ఒక్కటియు ముట్టలేదు. కావున ఆమెయే వంట చేయవలెను."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా, పెద్దసారు కుర్చీలోంచి సగం లేచారు. "ఏం రాసిన్రు సార్ గిది? మతి ఉన్నదా మీకు? ఇద్దరి నౌకరీ పోతది!"

"పోతే పోనీ సార్," అన్నాను. అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది.

తరువాత ఆ పిల్ల తల్లి ఒళ్లోని చాట పక్కన పెట్టి లేచింది. "సంతకం ఏడ పెట్టాలె సారూ?" అంది. ఆమె వెనక ఇంకొకామె లేచింది. అందరూ వరస కట్టారు. పెద్దసారు మళ్లీ కిటికీ వైపు తిరిగారు. నేను వరండాలో ఉన్న ఆ పిల్ల వైపు గర్వంగా చూశాను. ఇక నన్ను ఎర్ర గౌను పిల్ల పక్కన నిలబెట్టక తప్పదని నా లెక్క.

అందరి తరువాత అవ్వ వేలిముద్ర వేయడానికి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఏం రాసినవో మల్లొకసారి సదువు బిడ్డా. నాకు కండ్లు ఆనవు."

మళ్లీ మొదటి నుంచి చదివాను. చిన్నసారు రెండు గుడ్లు తినెను అన్న దగ్గర అవ్వ చెయ్యెత్తి ఆపింది.

"రెండు గాదు, మూడు తిన్నవ్. కండ్లు ఆనకున్న వడ్డించింది నేనే గద."

తల్లులు గొల్లున నవ్వారు. వరండాలో ఆ పిల్ల కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను దిద్దడానికి పెన్ను తీసి, బల్ల మీదికి వంగబోయి, ఆగిపోయాను. నిలబడే కాగితాన్ని గోడకు ఆనించి, "రెండు" కొట్టేసి "మూడు" అని రాశాను. గోడ గరుకుగా ఉండి అక్షరాలు వంకర పోయాయి.